బ్యాటరీల క్షేమసమాచారం

ఆ రోజుల్లో అలసట అంటే ఏమిటో నాకు బాగా తెలుసుననే అనుకునేదాన్ని. డిగ్రీ అయిపోయి, ఇంట్లో కూర్చుని, వీధిలో వాళ్ల చీరలన్నిటికీ ఫాల్సు కుట్టి కుట్టి మెడ పట్టేసినప్పుడు ఇంతకు మించిన అలసట ఉండదనుకున్నాను. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఒక్క సీజను పనిచేశాక ఆ అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది. అక్కడ నేను కాయ కోసింది లేదు, గంప ఎత్తింది లేదు. కుర్చీలో కూర్చుని నోటితో మాత్రమే పనిచేశాను. అయినా సాయంత్రం చిత్తూరు బస్సెక్కేసరికి, కండక్టరు "యాడికి?" అంటే ఊరి పేరు చెప్పే ఓపిక కూడా మిగిలేది కాదు. (చిల్లర చేతిలో పెట్టి బస్సు పోయే దిక్కుకు వేలు చూపించేదాన్ని. ఆయన నన్ను మూగపిల్ల అనుకున్నాడని తర్వాత తెలిసింది.)

ఆ ఉద్యోగం ఇప్పించింది మా పెదనాయన. ఆయన ఆ ఫ్యాక్టరీలో లారీలు దింపించే మేస్త్రీ. గేటు దగ్గర కాటా ఒక మూల, కాయలు మాగేసే షెడ్డు ఇంకో మూల, కోత షెడ్డు, బాయిలరు వాటికవతల. ఒక మాట చెప్పాలంటే మనిషి ఎండలో పరుగెత్తాల్సిందే. అందుకని ఆ ఏడు ఫ్యాక్టరీవాళ్లు వాకీటాకీలు కొన్నారు. వాటి బ్యాటరీల బాగోగులు చూడ్డానికి చదువుకున్న మనిషి కావాలన్నారు. మా నాయన మొదట ససేమిరా అన్నాడు. "నేనుండా గదప్పా ఆడ" అని పెదనాయన పూచీ పడ్డాక, "సరే, ఒక్క సీజను సూస్తాము. పనికొచ్చిందా, పోనీ. లేదంటే ఇంట్లోనే" అని తేల్చాడు. మళ్లీ ఆ సూదీ దారాల్లోకి పోకూడదన్నదే అప్పట్లో నాకున్న ఏకైక జీవితాశయం.

మేనేజరు మద్రాసాయన (తెలుగు బాగానే వచ్చు, కోపం వస్తే మాత్రం రాదు). మొదటిరోజే చెప్పాడు: "పని మధ్యలో సెట్టు చచ్చిపోతే నిన్నే అడుగుతాను. ఏ బ్యాటరీ ఎట్లా ఉందో నీకు ఎప్పుడూ తెలిసుండాలి." ఎలా తెలియాలి? సెట్టు మీద ఒక చిన్న దీపం ఉండేది. మీట నొక్కి మాట్లాడేటప్పుడు మాత్రమే అది వెలుగుతుంది. పచ్చగా వెలిగితే బాగున్నట్టు, ఎర్రబడితే చార్జింగుకు పెట్టాలన్నట్టు. అంటే బ్యాటరీ ఒంట్లో ఎలా ఉందో తెలియాలంటే అవతలి మనిషి మాట్లాడాలి, ఆయన మాట్లాడాలంటే నేను పలకరించాలి. పలకరించాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, కాస్త తీరిక దొరికితే చాలు, అందరినీ వరసబెట్టి పలకరించాను.

మావైపు పలకరింపు ఒక్క మాటతో తెగేది కాదు. ఎదుటివాళ్లు ఎలా ఉన్నావంటే, బాగున్నానని చెప్పి ఊరుకోవడం మర్యాద తక్కువ. "మామా, బ్యాటరీ ఎట్లుండాది?" అని నేనడిగితే, గేటు దగ్గర కాటా మామ, "పచ్చగుండాది పాపా. నువ్వు తిన్న్యావా? ఏం కూర?" అనేవాడు. అందరి సెట్లలోనూ అందరి మాటలూ వినిపిస్తాయి కాబట్టి కోత షెడ్డు నుంచి కత్తుల అక్క (కాయలు కోసే ఆడవాళ్ల మీద పెత్తనం ఆమెది) అందుకునేది. "నాది గూడా పచ్చగుండాది. కాటా మామా, నీ కోడలు పలమనేరు నించి వచ్చిందా?"

"వచ్చిందమ్మా. ఆడ సల్లగుంటాది గదా, ఈడ ఎండకి పిల్లోడికి సెగ్గడ్డలు లేసినాయి."

అంతే, బాయిలరు చూసే అన్న ఏదో ఒక మందు చెప్పేవాడు. పెదనాయన ఆ మందు పనిచెయ్యదనేవాడు. సెగ్గడ్డలు తగ్గేలోపు దీపాలన్నీ ఎర్రబడేవి.

మధ్యాహ్నానికి ఒక్కొక్క సెట్టూ మూగబోయేది. పొద్దున ఎక్కువసార్లు కనుక్కుంటే ముందే తెలుస్తుంది కదా అని ఇంకా ఎక్కువగా అడగడం మొదలుపెట్టాను. అవి ఇంకా ముందే పోవడం మొదలుపెట్టాయి. బాయిలరు అన్నకు నా మీద జాలేసి, టార్చిలైటు సెల్లులను ఎండబెట్టినట్టు బ్యాటరీలను కూడా ఎండబెడితే పుంజుకుంటాయని రేకుల కప్పు మీద పరిచాడు. అక్కడే కత్తుల అక్క ఎండబెట్టిన మామిడి తాండ్ర ఉంది. సాయంత్రానికి బ్యాటరీలకు తాండ్ర అంటుకుంది, తాండ్రకు చీమలు అంటుకున్నాయి, నాకు మేనేజరు దగ్గర్నుంచి పిలుపొచ్చింది. "ఈ వారం చూస్తాను. ఇట్లాగే ఉంటే మద్రాసు నుంచి మనిషిని తెప్పిస్తాను" అన్నాడాయన. ఆ మాట అన్నప్పుడు పెదనాయన పక్కనే ఉన్నాడు. ఆయన ముఖం చూడలేకపోయాను.

అరిచి అరిచి గొంతు పోయింది, వెనకాలే జ్వరం వచ్చింది. మర్నాడు పనికి వెళ్లలేదు. ఇక అయిపోయిందనుకుని ముసుగుతన్ని పడుకున్నాను. అటు మర్నాడు, ఎటూ పొమ్మంటారు, మర్యాదగా చెప్పించుకుని వద్దామని వెళ్లాను. మేనేజరు నన్ను చూడగానే కుర్చీలోంచి లేచినంత పనిచేశాడు. "ఎక్కడికి పోయావమ్మా! నువ్వుంటే మధ్యాహ్నం దాకా అయినా బతుకుతున్నాయి. నువ్వు లేకపోతే పదింటికే అన్నీ పోయాయి. ఇకమీద సెలవు పెట్టొద్దు."

నాకేమీ అర్థం కాలేదు. యార్డులోకి వెళ్లి చూస్తే పెదనాయన గోనెసంచుల మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. మోకాలు వాచి గుమ్మడికాయంత అయింది. ఆముదం రాసి గుడ్డ చుట్టారు.

"ఏమైంది పెదనాయనా?" అన్నాను.

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నిన్న ఒగటి కూడా ఎర్రబడలేదు పాపా. పొద్దున్నే మాకు తెలిసిపొయింది, నువ్వు అడక్కపోతే అవి సావవని. అందుకని మేమే అన్నీ ఆపేసినాము. సచ్చిపొయినాయని మేనేజరుకు సెప్పినాము."

"మరి కబుర్లు?"

"పరిగెత్తినాము. యాడన్నా ఒగటి మోగితే దొరికిపోతాము గదా!"

కాటా మామ, కత్తుల అక్క, బాయిలరు అన్న, అసలే మోకాలి నొప్పి ఉన్న మా పెదనాయన, అంత ఎండలో, నిండా చార్జింగు ఉన్న సెట్లు నడుముకు కట్టుకుని, ఒకరి దగ్గరికొకరు రోజంతా పరుగెత్తారు. నాకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. "ఉన్నమాట సెప్పేసుంటే సరిపోయేది గదా!" అన్నాను.

"సెప్తే? అడిగే మనిషే అక్కర్లేదనేవాడు. ఇంటికి బొయ్యి చీరలు కుడతావా?" అన్నాడు.

ఆ రోజు నుంచి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మాత్రమే అడిగాను. సెట్లు సాయంత్రం దాకా బతికాయి. సీజను అయ్యాక కూడా నన్ను ఆఫీసులో ఉంచుకున్నారు. నాయన బస్సు టైముకు టిఫిను క్యారియరు తనే తెచ్చి చేతికిచ్చాడు. తర్వాత తిరుపతిలో ఇంకా పెద్ద కంపెనీల్లో పనిచేశాను, ఇంకా ఎక్కువ సెట్లు చూశాను, నా పనితనం గురించి పెద్దవాళ్లు పెద్దమాటలే చెప్పారు. నా కోసం అలా అబద్ధమాడి ఎండలో పరుగెత్తినవాళ్లు మాత్రం మళ్లీ దొరకలేదు.

పెదనాయన ఉన్నన్నాళ్లూ, పెళ్లిళ్లలో గానీ బస్టాండులో గానీ నేను కనపడితే చాలు, దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపుతూ, "బాగుండాన్లే పాపా, నువ్వు మాత్రం అడగొద్దు!" అని కేకేసేవాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వేవాళ్లు. నేనూ నవ్వేసి, నిజంగానే అడక్కుండా ఊరుకునేదాన్ని. ఆ మోకాలి సంగతి ఒక్కసారైనా అడిగి ఉండాల్సింది.