రానివాళ్లను అడగమన్న ఆవిడ

డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌గా చేరిన కొత్తలో, లైబ్రరీలో ఏ మార్పులు కావాలో రాయమని విద్యార్థులకు ఫారాలిచ్చాను. శ్రీకాకుళం బస్సులో వాటిని తిరగేస్తుంటే, పక్కన ఖాళీ చేపల బుట్టతో కూర్చున్న ఆవిడ అడిగింది.

“ఏటమ్మా ఆ కాయితాలు?”

విషయం చెప్పి, అందరూ బాగుందనే రాశారన్నాను.

“ఎవుల్నడిగినావు?”

“లైబ్రరీకి వచ్చినవాళ్లను.”

ఆవిడ నవ్వింది. “బాగున్నాది గాబట్టే ఆళ్లొస్తన్నారు. నానైతే సేపలు సూసి కొనకండా ఎల్లిపోయినోల్లనే అడుగుతాను, ఏటి నచ్చనేదమ్మా అని.”

నాకు సిగ్గేసింది. ఆవిడ పేరైనా అడగకుండానే దిగిపోయాను.

మర్నాడు సాయంత్రం కాలేజీ బస్టాపులో ఆడపిల్లలను, లైబ్రరీకి ఎందుకు రావడం లేదని అడిగాను.

“క్లాసులవగానే మా ఊరి బస్సొచ్చేస్తాది మేడమ్. అది పోతే మరి నేదు. పొద్దున్నయితే ఎనిమిదికే వచ్చేస్తాం,” అన్నారు.

ప్రిన్సిపాల్‌ను ఒప్పించి ఎనిమిదికే లైబ్రరీ తెరిచాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఆవిడది.

అలా తెరిచిన మొదటి రోజు, మూడేళ్లుగా అదే కాలేజీలో చదువుతున్న ఒకమ్మాయి లైబ్రరీ గుమ్మంలో ఆగిపోయింది.

“మేడమ్, సెప్పులు బయటే ఇప్పాలా?” అని అడిగింది.