దిగదుడుపు ముద్ద

చిన్నసుబ్బమ్మ గొర్రెల కాపరి చెన్నకేశవ భార్య. వాళ్ల పల్లె జమ్మలమడుగుకు మూడు మైళ్లు. పంతొమ్మిది వందల యాభై ఏడు ఎండాకాలంలో, పెన్న ఒడ్డున, అడవిపంది అతని పిక్కను చీల్చింది. అడ్డం పోయిన మందకుక్కనూ చీల్చింది. ఇద్దరికీ ఎడమకాలే.

అత్త పెంచలమ్మ కొడుకును పథ్యంలో పెట్టింది. పప్పు, గుడ్డు తింటే పుండు చీము పడుతుందని ఆమె నమ్మకం. పుండు పూడేదాకా ఉప్పు వేసిన గంజే. పొద్దుగుంకే వేళ మాత్రం దిష్టి తీసే దిగదుడుపుగా పప్పన్నం ముద్ద, ఉడికిన గుడ్డు అతని చుట్టూ మూడుసార్లు తిప్పి, మూడు దావలు కలిసేచోట పెట్టి రావాలి. ఆ పని చిన్నసుబ్బమ్మది. వెనక్కి తిరిగి చూడకూడదు.

పుండు పూడలేదు. అంచులు బూడిదరంగుకు తిరిగాయి. ఆసుపత్రిలో కట్టు కట్టే మెహబూబున్నీసా పుండు కంటే ఎక్కువసేపు అతని పక్కటెముకలను చూసింది.

"పుండు పూడాలంటే కండ రావల్ల. గంజిలో కండ యాడుందమ్మా? గుడ్డు పెట్టు, పప్పు పెట్టు. నెలలోపల పూడకపోతే కాలు తీసేస్తారు."

ఆ మాట చెబితే అత్త వినలేదు.

ఆ సాయంత్రం చిన్నసుబ్బమ్మ వెనక్కి తిరిగి చూసింది. కుక్క ముద్ద తింటోంది. దిగదుడుపు తిన్నది గడప దాటకూడదని అత్త దాన్ని తరిమేసి నెల దాటింది. దాని కాలి మీద గాయం లేదు. కొత్త చర్మం, సన్నటి వెంట్రుకలు. అది ఆమెను చూసింది. తోక ఊపలేదు. మొగుడి కండను రోజుకొక ముద్ద చొప్పున తానే మోసుకొచ్చి దానికి తొడిగినట్టు ఆమెకు తోచింది.

మరునాటి నుంచి ముద్ద పెద్దదయింది. గుడ్లు రెండయ్యాయి. అత్త సంతోషించింది. చిన్నసుబ్బమ్మ సగం దావలో పెట్టి, సగం కొంగులో దాచి, గొర్రెలదొడ్డి వెనకనుంచి వచ్చి అతని చేతిలో పెట్టింది.

"నాకు తిప్పిందే గదా," అన్నాడు చెన్నకేశవ.

"నీదే. తిను."

చాలాసేపు దాన్ని చూశాడు. తర్వాత తిన్నాడు. చీకట్లో ఆ నమిలే చప్పుడు ఆమె అంతకుముందు మూడు దావల దగ్గర విన్నదే.

పుండు అడుగునుంచి ఎర్రగా పూడుతూ వచ్చింది. కాలు నిలిచింది. కర్ర లేకుండా నడిచిన మొదటిరోజు అతను మూడు దావల దాకా పోయి వచ్చాడు. వెనకే కుక్క. ఇద్దరూ ఎడమవైపు కాస్త ఒరిగి గడప ముందు నిలబడ్డారు.

పెంచలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "అది దిగదుడుపు తినింది. లోపలికి రాగూడదు."

చిన్నసుబ్బమ్మ పొయ్యి దగ్గరనుంచి లేవలేదు.

"ఇద్దరూ తిన్యారు, అత్తా."

ముసలామె కొడుకు ముఖంలో ఏదో వెతికింది. చాలాసేపటికి చెయ్యి తీసింది.

కుక్కే ముందు లోపలికి వచ్చింది.