బాపు చెవి

కామారెడ్డిల మా దుకాణం ముందట నుంచి పోతే, వేలాడే డోలకుల కంటే ముందు మా బాపే కనవడ్తడు. హార్మోనియం మూత తీసి, పెట్టెకు దవుడ ఆనిచ్చి, కండ్లు మూసుకొని కూసుంటడు. మెట్టు నొక్కుతడు, వింటడు, లోపట స్వరం పలికే ఇత్తడి రీడును ఆకురాయితోని సన్నగ గీకుతడు, మళ్ల నొక్కుతడు. "ఏందిది, పెట్టెకు ముద్దు పెడ్తున్నవా?" అని ఎక్కిరించేదాన్ని. "కట్టె చెప్తది బిడ్డా" అనేటోడు. అదేదో పెద్ద పనితనమనుకొని నేను కూడ గిరాకీలకు గొప్పగ చెప్పుకున్న.

మొన్న వానాకాలంల ఎల్లారెడ్డి దిక్కు నుంచి ఒక భజన మండలి పెట్టె వచ్చింది. తేమకు శ్రుతి తప్పింది. బాపు పొద్దంత దాని మీదనే ఉన్నడు. ఒక్కటే రీడు గీకుడు, వినుడు, మళ్ల గీకుడు. "ఇంకెంత గీకుతవు, అరిగిపోతది" అన్న. తల ఎత్తకుండ గీకుతనే ఉన్నడు. పనిల పడితే ఆయన గంతే అని, కోపంతోని చాయ్ కప్పు ఠక్కున పెట్టి వచ్చిన.

తెల్లారి పెట్టెను బండి మీద మా ఇద్దరి నడుమ పెట్టుకొని బయలెల్లినం. ఎల్లారెడ్డి రోడ్డు మీద వెనక నుంచి లారీ హారన్ కొట్టవట్టింది. బండి నడిపే బాపు పక్కకు జరుగుతలేడు. ఆగకుండ కొడ్తున్నది. "బాపూ, జరుగు" అని భుజం పట్టి గుంజిన. బండి మట్టిలకు దిగింది, లారీ మోచేతికి తాకినట్టే పోయింది. బాపు వెనకకు తిరిగి నా ముఖం చూసి "ఏమైంది?" అన్నడు.

అప్పుడు సమజైంది. చెవి చేసే పని ఆయన దవుడ ఎముకతోని చేస్తుండె. లారీకి భయపడ్డది తక్కువ, దీనికే ఎక్కువ. డోలకులు ఎవరన్న అమ్ముతరు. మా దుకాణానికి మనుషులొచ్చేది ఆ చెవిని నమ్మి. ఇంట్ల శ్రుతి పట్టేటోళ్లు ఇంకెవ్వరు లేరు.

"వినవడ్తలేదా?" అని గట్టిగ అడిగిన. బండి తాళం నా చేతుల పెట్టిండు. "ఎడమది ఎప్పుడో పోయింది. కుడిది మొన్నటిదాంక ఉండె. డాక్టర్ సుత ఇగ రాదన్నడు. అమ్మకు చెప్పకు."

భజన ఇంట్ల పెట్టె దించినం. అక్కడి పెద్దాయన వాయించుకుంట పాట ఎత్తుకున్నడు. ఎవరి నొసలు ముడుచుకుంటదో అని నేను అందరి ముఖాలు చూస్తున్న. బాపు సుత అదే చూస్తున్నడు. నడుమల పెద్దాయన ఆగి, ఒక్కటే మెట్టు మళ్ల మళ్ల నొక్కిండు. "గిదొక్కటి జర తేడా ఉన్నట్టుంది అన్నా" అన్నడు మొహమాటంగ. మా దుకాణంల బాగుచేసిన పెట్టెను ఎవ్వరు గట్ల అనంగ నేను వినలేదు. బాపు ఆయన పెదవులు చూసి అర్థం చేసుకున్నడు. "మళ్ల చేసి తెస్త" అని పెట్టె మూసిండు.

వచ్చేటప్పుడు బండి నేనే నడిపిన. దుకాణంలకు రాంగనే షట్టర్ సగం దించి, నన్ను తన జాగల కూసోవెట్టి, ఆకురాయి నా చేతుల పెట్టిండు. "ఇన్నేండ్లు నా పక్కనే ఉన్నవు. ఇగ నువ్వు విను" అన్నడు. ఆ మెట్టు నొక్కిండు. పక్కన శ్రుతి సరిగ్గున్న ఇంకో పెట్టెల అదే మెట్టు నొక్కిండు.

"శ్రుతి ఎక్కిందా, దిగిందా?" అని అడిగి నా నోటి దిక్కే చూస్తున్నడు.

నాకు రెండు ఒక్క తీరుగనే వినవడ్డయి.