చివరి పెట్టె దాటేదాకా

గేటు తాత పోయాడని పోయిన ఆదివారం పొద్దున ధర్మవరం నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఆయన కూతురు. "నాయన పోయినాడు సార్. నిద్దర్లోనే. సాయంత్రం నాలుగింటికి తీస్తాం. మీరు రావాల. ప్రార్థన మీతోనే చేపియ్యమని ఎప్పుడో చెప్పి పెట్టినాడు" అంది. సరేనన్నాను. తర్వాత చొక్కా సగం తొడుక్కుని చాలాసేపు కుర్చీలో కూర్చుండిపోయాను. బాధపడుతున్నాననుకుంది మా ఆవిడ. బాధ ఉంది కానీ, అంతకంటే సిగ్గు ఎక్కువగా ఉంది. ఆయన ముందు నిలబడి నేను ప్రార్థన చేయాలా? ఆ సిగ్గు సంగతి ఆయన బతికుండగా ఆయనకే చెప్పుకోవలసింది. చెప్పుకోలేదు కనుక మీకు చెబుతున్నాను.

పెనుకొండ దగ్గర రైల్వే గేటు కాపలా ఆయన ఉద్యోగం. జుట్టు తొందరగా నెరవడం వల్ల యాభై నిండకుండానే అందరికీ తాత అయిపోయాడు. నేను లెక్కల మాస్టరుగా ఆ ఊరికి వచ్చింది తొంభై మూడులో. బడికి వెళ్ళాలంటే ఆ గేటు దాటాలి. గేటు పడినప్పుడల్లా ఆగిన లారీ డ్రైవర్లు, బస్సు డ్రైవర్లు తాము చదివేసిన పేపర్లు ఆయనకు ఇచ్చి పోయేవాళ్ళు. అవి ఎక్కువగా నిన్నటివి, ఒక్కోసారి మొన్నటివి. రైలుకీ రైలుకీ మధ్య, దారంతో కట్టుకున్న కళ్ళద్దాలు ముక్కు మీదికి లాక్కుని, మొదటి పేజీ మొదటి అక్షరం నుంచి చదివేవాడు.

శుక్రవారం సాయంత్రం మా మందిరంలో ప్రార్థన కూటం. ఒక్కొక్కరు లేచి కాసేపు ప్రార్థన చేసి కూర్చుంటారు. ఆయన లేస్తే మాత్రం వారం పేపర్లన్నీ లేచినట్టే. మహారాష్ట్ర భూకంపంలో ఇళ్ళ కింద పడినవాళ్ళు, లేపాక్షి దగ్గర బోల్తా కొట్టిన ఆటోలోని ఆడవాళ్ళు, ఆమడగూరులో పిడుగు పడి చచ్చిన గొర్రెల కాపరి, ఎవ్వరినీ వదిలేవాడు కాడు. కక్షల్లో ఎవరినైనా నరికితే, పోయినవాడి ఇంటి కోసం ప్రార్థన చేసి, కాస్త ఆగి, నరికినవాడి పిల్లల కోసం కూడా చేసేవాడు. అప్పుడు కొందరు ఆమేన్ అనేవాళ్ళు కాదు.

"తాతా, నువ్వు ప్రార్థన చేస్తాండే మనిషి నిన్ననే పోయినాడంట" అని ఒకసారి ఎవరో ఆట పట్టించారు.

"నిన్నటి పేపరు నాకు గానీ, ఆయనకు కాదు కదప్పా" అన్నాడు తాత. ఆయన అంటే దేవుడు. ఎగతాళికి ఆయన దగ్గర అంతకంటే పెద్ద జవాబు ఉండేది కాదు.

నాకు చిన్నప్పటి నుంచి తొందర ఎక్కువ. ఒకరోజు రైలు వెళ్ళిపోతోందని స్కూటరు స్టార్టు చేసి, "పోయింది కదా తాతా, తీయి గేటు" అని అరిచాను. ఆయన పచ్చజెండా పట్టుకుని పట్టాల వైపే చూస్తూ నిలబడ్డాడు. రైలు పూర్తిగా దాటాక గేటు ఎత్తుతూ చెప్పాడు. "ఇంజను పోతే రైలు పోయినట్ల కాదు సారూ. కడపటి పెట్టె ఎనకాల ఒక బోర్డు ఉంటాది. అది నా కండ్ల పడాల. పడలేదంటే ఏదో పెట్టె యాడో తెగి నిలబడిపోయిందని లెక్క. అది చూడకుండా గేటు తీస్తే నేనేం గేటోణ్ణి?" నేను వాచీ చూసుకుని బడికి పరుగెత్తాను.

ఆ మరుసటి ఏడే మా ఆవిడకు కాన్పు కష్టమైంది. హిందూపురం ఆస్పత్రిలో చేర్చాం. ఇద్దరి రక్తం కావాలన్నారు. నాది సరిపోలేదు. ఊరికి కొత్త, ఎవరిని అడగాలో తెలియదు, అడగడానికి మొహమాటం. బట్టలు తీసుకుపోదామని పెనుకొండ వచ్చి తిరిగి పోతుంటే గేటు పడింది. ఆ రెండు నిమిషాల్లో తాత "ఏమి సారూ, మొగం అట్లుండాది?" అని అడిగితే చెప్పాను. అది శుక్రవారం. శనివారం పొద్దున ప్యాసింజరులో దిగి ఇద్దరు మనుషులు ఆస్పత్రికి వచ్చారు. వాళ్ళ పేర్లు కూడా నాకు తెలియవు. "తాత ప్రార్థనలో చెప్పినాడు సార్. మాది సరిపోతుందేమో చూడమనండి" అన్నారు. ఈ రోజు మా ఆవిడ, మా అమ్మాయి ఉన్నారంటే ఆ ఇద్దరి రక్తం వల్లే.

తర్వాత ఒకరోజు ఆయన్ని అడిగాను, వాళ్ళనే నేరుగా అడిగి ఉండొచ్చు కదా, ప్రార్థనలో చెప్పడమెందుకని.

"మనుషుల్ని అడిగితే ఇయ్యలేనోళ్ళు సిగ్గుపడతారు సారూ. దేవుణ్ణి అడిగితే ఇయ్యగలిగినోళ్ళు వింటారు" అన్నాడు.

ఆయనకు ఇంకొక అలవాటు ఉండేదని అప్పట్లో నేను గమనించాను గానీ పట్టించుకోలేదు. పేపరంతా అయిపోయాక, ఊరి సంగతులు అయిపోయాక, చిట్టచివర ఒక్క మాటలో తన ఇంటి సంగతి చెప్పుకునేవాడు. భార్యకు కాళ్ళ నొప్పులు, కూతురికి పరీక్షలు, అంతే. అప్పటికి సగం మంది చెప్పులు వెతుక్కుంటూ ఉండేవాళ్ళు.

తొంభై తొమ్మిదిలో ఒరిస్సాలో ఒక క్రైస్తవ మిషనరీనీ ఆయన ఇద్దరు పిల్లల్నీ జీపులోనే తగలబెట్టారన్న వార్త వచ్చింది. ఆ శుక్రవారం మందిరం సగం కూడా నిండలేదు. తాత ఆ పిల్లల తల్లి కోసం ప్రార్థన చేశాడు. నిప్పు పెట్టినవాళ్ళ తల్లుల కోసమూ చేశాడు. నేను ఏం చేశానో తెలుసా? నా స్కూటరు మీద ఉన్న సిలువ బొమ్మను బ్లేడుతో గీకేశాను. సోమవారం గేటు దగ్గర తాత ఆ చోటు చూశాడు. "ఎండకు ఊడిపోయిందా సారూ?" అన్నాడు. "అవును తాతా" అన్నాను. ఆయన నమ్మలేదని నాకు తెలుసు. నమ్మినట్టే తల ఊపాడు.

అంత పిరికివాణ్ణి, నాలుగేళ్ళకు సంఘానికి కార్యదర్శినయ్యాను. రెండు వేల మూడు అది. వరసగా వానల్లేవు, వేరుశనగ పోయింది, ధర్మవరంలో నేతగాళ్ళు మగ్గాల దగ్గరే ప్రాణాలు తీసుకుంటున్నారు, అటు ఇరాకులో యుద్ధం. తాత ప్రార్థన పెరుగుతూ పోయింది. ఒక శుక్రవారం వాచీ పెట్టి చూస్తే ఇరవై రెండు నిమిషాలు తేలింది. చెన్నేకొత్తపల్లి వైపు ఆఖరి బస్సు ఎనిమిదింటికి. అది తప్పిపోతోందని పల్లెల వాళ్ళు గొణిగారు. కమిటీలో నేనే మాట్లాడి నియమం పెట్టించాను, మనిషికి రెండు నిమిషాలని. బడి నుంచి, పైన తడితే టింగుమనే బల్లగంట ఒకటి తెచ్చి ముందు పెట్టాను. మిగతా వాళ్ళెవరూ రెండు నిమిషాలు దాటేవాళ్ళు కాదు. ఆ నియమం ఒక్క మనిషి కోసం పెట్టిందని అందరికీ తెలుసు, ఆయనకు కూడా.

మొదటి శుక్రవారం ఆయన, "ఇరాకులో తల్లులు పిల్లోళ్ళను ఎత్తుకొని యాడికి పోవాల్నో తెలీక" అంటూ ఉండగా గంట కొట్టాను. కళ్ళు తెరిచి గంట వైపు చూశాడు. ఆమేన్ అని కూర్చున్నాడు. కొందరు నవ్వు దాచుకున్నారు. నేనూ దాచుకున్నాను.

తర్వాత వారాల్లో ఆయన వేగంగా చెప్పడం నేర్చుకున్నాడు. ఊపిరి తీసుకోకుండా వాన, నేతగాళ్ళు, బస్సు ప్రమాదం, యుద్ధం అని చెప్పుకుపోయేవాడు. సగంలోనే గంట పడేది. ఈ రోజు ఎంతవరకు వస్తాడో చూద్దామని పిల్లలు వేళ్ళు లెక్కపెట్టేవాళ్ళు. ఒక శుక్రవారం మాత్రం ఆయన ఎప్పుడూ లేనంత తొందరగా, మాటలు మింగుతూ, రొప్పుతూ చివరిదాకా వచ్చాడు. "ప్రభువా, మా ఇంట్లో" అన్నాడు.

గంట కొట్టాను.

వినబడలేదని అబద్ధం చెప్పను. 'మా ఇంట్లో' అన్న మాట స్పష్టంగా విన్నాను. అయినా వాచీలో ముల్లు దాటింది, చేయి ముందుకు పోయింది. ఆయన ఒక్క క్షణం నిలబడి, కూర్చున్నాడు. ఆ రోజు బస్సుకు ఇంకా పావుగంట టైముంది.

నెల తిరక్కుండానే ఆయన భార్య హిందూపురం ఆస్పత్రిలో పోయిందని తెలిసింది. వాళ్ళింటికి పరుగెత్తాను. "ఒక్క మాట చెప్పలేదేమమ్మా? గేటు దగ్గర రోజూ కనబడతానే!" అని కూతుర్ని గుమ్మంలోనే అడిగాను, తప్పు వాళ్ళదన్నట్టు.

ఆ పిల్ల నా కళ్ళలోకి చూసి చెప్పింది. "చెప్పాలనే చూసినాడు సార్. మంగళవారం ఆపరేషను, ఇద్దరి రక్తం కావాలన్నారు. ప్రార్థనలో చెప్తా, మనవాళ్ళు ఇంటారు అన్నాడు. ముందర అమ్మ సంగతి చెప్పు నాయనా అని నేను కొట్లాడినా. మనది ముందర పెట్టుకుంటే పక్కోళ్ళది గుర్తుకు రాదు పాపా అన్నాడు. ఆడికొచ్చేలోపల మీరు గంట కొడితిరి."

రక్తం దొరక్క ఆపరేషను మూడు వారాలు వెనక్కి పోయింది. ఆ మూడు వారాల వల్లే ఆమె పోయిందని డాక్టర్లెవరూ అనలేదు. కాదని కూడా అనలేదు. తాత లోపలి నుంచి వచ్చి, "సారుకు నీళ్ళు ఇయ్యి పాపా, ఎండలో వచ్చినాడు" అన్నాడు. ఆ నీళ్ళు తాగాను. క్షమించమని అడగకుండానే వచ్చేశాను.

మరుసటి శుక్రవారం గంట తీసి బీరువాలో పెట్టేశాను. తాత లేచి నిలబడి బల్ల వైపు చూశాడు. "గంట యాడ సారూ?"

"వద్దులే తాతా. నువ్వు చెప్పు."

"పెట్టుకో సారూ. పాపం, బస్సు పోతాది" అన్నాడు. ఆ మాటలో దెప్పిపొడుపు ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. లేదు. ఆ తర్వాత ఉద్యోగం అయిపోయి కూతురి దగ్గరకు ధర్మవరం వెళ్ళిపోయేదాకా, గంట లేకపోయినా, ఆయన ప్రార్థన రెండు నిమిషాలు దాటలేదు. పేపరు మాత్రం ముందే వచ్చేది. తన ఇంటి సంగతి మళ్ళీ ఎన్నడూ రాలేదు.

ఆదివారం ప్యాసింజరులో ధర్మవరం వెళ్ళాను. వాళ్ళది నేతగాళ్ళ వీధి. చుట్టూ హిందువుల ఇళ్ళే. ఆయన కోసం ఆ రోజు వీధిలో మగ్గాలు ఆపారు. "మా ఇంట్లో జరం వచ్చినా తాత ప్రార్థనలో చెప్పేటోడు సార్" అని ఒక అవ్వ ఏడ్చింది. మంచం మీద ముందురోజు పేపరు మడిచి ఉంది. పక్కన దారం కట్టిన కళ్ళద్దాలు. నేను ఆ పేపరు మడత విప్పి, మూలన కూర్చుని, చివరిదాకా చదివాను.

సమాధుల తోట రైలు పట్టాల పక్కనే. పెట్టె దించాక పాస్టరుగారు నాకు సైగ చేశారు. నేను వాచీ విప్పి జేబులో వేసుకున్నాను. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. ఎక్కడెక్కడి వాళ్ళో, నేను ఎన్నడూ చూడనివాళ్ళు, ఒక్కొక్కరే ప్రార్థనలోకి వచ్చారు. ఎంతసేపు పట్టిందో తెలియదు. పేపరు అయిపోయింది. అప్పుడు నోట్లోంచి వచ్చింది నా మాట కాదు, ఆరేళ్ళ కింద నేను రానివ్వని మాట.

"ప్రభువా, మా ఇంట్లో ఆమెకు ఆపరేషను. ఇద్దరి రక్తం కావాల."

కూతురు ఒక్కసారిగా ఏడ్చింది. ఇన్నేళ్ళ తర్వాత ఎందుకని నన్ను ఎవరూ అడగలేదు. నిన్నటి పేపరు నాకు గానీ ఆయనకు కాదు కదా అని నన్ను నేను సముదాయించుకున్నాను. అందరూ మన్ను వేశారు. నేనూ వేశాను.

మనుషులు కదులుతుంటే వెనక నుంచి ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. అదే వీధిలో నేత పని చేసే మనిషట, తాత పెట్టె మోసినవాళ్ళలో ఒకడు. వేళ్ళకు పట్టు రంగు, దాని మీద సమాధి మన్ను.

"సార్, మీ ఇంట్లో ఆమె యా ఆస్పత్రిలో ఉండాది? నాది ఓ పాజిటివ్. ఇంకొకర్ని మా వీధిలోనే చూస్తా. యాడికి రావాల్నో చెప్పండి, ఇప్పుడే వస్తా."

నేను నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే పట్టాల మీద గూడ్సు బండి వచ్చింది. ఆ చప్పుడులో మాట వినబడదని ఇద్దరం ఆగాం. ఆయన చొక్కా చేయి మోచేతి పైదాకా మడుచుకుని నా జవాబు కోసం చూస్తూ నిలబడ్డాడు. పెట్టె వెనక పెట్టె పోతూనే ఉంది. చివరిది ఇంకా రాలేదు.