కత్తెరమ్మ పెన్సిలు

ఆఫీసులో ఆమెను అందరూ కత్తెరమ్మ అంటారు. చేపల పడవలు ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు పంపే సందేశాల నమూనాలను ముందే కుదించి పెట్టడం ఆమె పని. కొప్పులో గుచ్చుకున్న పెన్సిలు తీసి, అక్కర్లేని ప్రతి అక్షరాన్నీ కొట్టేస్తుంది. ఇంటి సరుకుల చీటీని కూడా వదలదు. "ఉ" అంటే ఉప్పో ఉల్లిపాయలో తేలక భర్త కొట్లోంచి ఫోన్ చేస్తుంటాడు. "కంపెనీ పేరు కూడా కోసేశావేంటమ్మా?" అని మేనేజరు ఒకసారి లబోదిబోమన్నాడు. "మునిగేవాడికి మన పేరెందుకండీ? వాడెక్కడున్నాడో మనకి తెలిస్తే చాలు," అందామె.

ఈ ఉదయం తుఫానులో ఒక పడవలోకి నీళ్లొచ్చాయి. సిగ్నల్ దొరికింది రెండంటే రెండు సెకన్లు. పాత పద్ధతిలో అయితే అది పలకరింపులకే సరిపోయేది. ఈసారి పడవ ఉన్న చోటు, మనుషుల సంఖ్య, ప్రమాదం, అన్నీ వచ్చేశాయి. రక్షణ నౌక నేరుగా అక్కడికే వెళ్లింది. మధ్యాహ్నం ఆ నౌక మీంచి పడవవాళ్ల సందేశం తెర మీద మెరిసింది: "తొమ్మిది మందిమీ అందరం క్షేమం." గది గదంతా చప్పట్లతో మారుమోగింది. కత్తెరమ్మ చెయ్యి మాత్రం అలవాటుగా పెన్సిలు లాగింది. తొమ్మిది మందీ అన్నాక మళ్లీ "అందరం" ఎందుకు? మేనేజరు నవ్వి, "కొట్టెయ్యవేంటమ్మా?" అన్నాడు. ఆమె పెన్సిలు తిరిగి కొప్పులో గుచ్చుకుంది. "ఉండనివ్వండి. ఆ మాట కోసమే కదండీ, మిగతావన్నీ కోసింది!"