చప్పిడి కూరల తోట

మా ఆయన గుండె బలహీనపడిందని, ఉప్పు దాదాపు మానెయ్యాలని భీమవరం డాక్టరుగారు చెప్పిన వారంలోనే నేను పెరట్లో తోట వేశాను. పురుగుమందులు కొట్టిన కూరలు వద్దని డాక్టరుగారేమీ అనలేదు. అది నా పట్టుదల. ఎలాగూ చప్పిడి తిండే తినాలి కదా, ఆ కూరైనా తాజాగా ఉండాలనుకున్నాను.

నేనేదైనా మొదలుపెడితే ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు. కూరగాయల తొక్కలు, ఎండాకులు, పేడ పొరలు పొరలుగా వేసి కుళ్ళబెట్టాను. ఆవు పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి డ్రమ్ములో కలిపి జీవామృతం చేశాను. ఆ వాసనకు ఆయన ముక్కు మూసుకుని, "డాక్టరుగారు ఉప్పు మానమన్నారు గానీ ఊపిరి మానమన్లేదే" అనేవారు. పురుగు కనిపిస్తే వేపనూనె కొట్టేదాన్ని. నేల తడి ఆరకుండా మొక్కల మొదట్లో ఎండుగడ్డి పరిచాను. మొదటి ఏడాది తోటకూర, బెండ, కొత్తిమీర ఎంత బాగా వచ్చాయంటే, బజారు కూరలు కొనేవాళ్ళను చూస్తే నాకు జాలేసేది.

పెరటి గోడ అవతల చేను కూడా మాదే. చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాక మధ్యలో వరి సరిగ్గా పండక, దాన్నీ చెరువుకే లీజుకిచ్చేశాం. అప్పటినుంచి రాత్రీ పగలూ రొయ్యలకు గాలి అందించే ఏరేటర్ల హోరు. కొన్నాళ్ళకు అది చెవిన పడడం మానేసింది.

ముందు కొత్తిమీర మొలవలేదు. తర్వాత బెండ ఆకుల అంచులు కాలినట్టు మాడిపోయాయి. బలం చాలలేదేమోనని జీవామృతం ఇంకాస్త పోశాను. బోరు నీళ్ళు రెండు పూటలా పెట్టాను. గడ్డి జరిపి చూస్తే మట్టి మీద తెల్లటి పొర. మేలు చేసే బూజు పట్టింది, నేలకు ప్రాణం వచ్చిందని సంబరపడి ఆయన్ని పిలిచి మరీ చూపించాను. ఆయన వంగి చూసి లోపలికి వెళ్ళిపోయారు.

తోటకూర ఒక్కటే తట్టుకుంది. దాన్నే రోజూ కోసి, కొన్న టిన్ను నీళ్ళతో, ఆయనకు చిన్న గిన్నెలో ఉప్పు లేకుండా విడిగా వండేదాన్ని. నా గిన్నెలో మామూలుగా ఉప్పు వేసుకునేదాన్ని. ఆయన గిన్నె ఏనాడూ రుచి చూడలేదు. చప్పిడి కూరలో చూడ్డానికేముంటుంది?

ఆయన కాళ్ళు వాచాయి. వేలితో నొక్కితే సొట్ట అలాగే ఉండిపోయేది. డాక్టరుగారు మందు పెంచి, నావైపు తిరిగి, "ఏమ్మా, ఉప్పు మానలేదు కదూ? ఇలాగే ఉంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందండి" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలోనే ఆయన్ని పట్టుకున్నాను.

"నాకు తెలీకుండా ఆవకాయ తింటున్నారు కదండీ?"

"నీమీద ఒట్టే, ముట్టుకోలేదు."

ఆయన మాటమాటకీ ఒట్లు వేసే మనిషి కాదు. అయినా నేను నమ్మలేదు. భయం నన్ను నమ్మనివ్వలేదు. ఆ రోజునుంచి బయటి తిండి పూర్తిగా కట్టడి చేసి, రెండు పూటలా తోటకూరే పెట్టాను.

మొన్నొక మధ్యాహ్నం అన్నం తింటూ ఆయన నవ్వారు. "మొత్తానికి నామీద జాలి కలిగిందన్నమాట. కూర అదిరింది."

"ఏంటండీ, ఏమైంది?"

"ఉప్పేశావుగా."

"వెయ్యలేదండీ."

"మరి ఈమధ్య రోజూ బానే ఉంటోందిగా. నా నాలుకే అలవాటు పడిందనుకున్నా."

నేను పెరట్లోకి వెళ్ళి తోటకూర ఆకొకటి తుంపి పచ్చిగానే నమిలాను. ఉప్పగా ఉంది. కాడ నమిలాను. అదీ ఉప్పే. తెల్లటి పొర మీద వేలు రాసి నాలుకకు తాకించాను. అనుమానం తీరక బోరు కుళాయి తిప్పి పుక్కిలించి ఊశాను. గోడ అవతల చెరువులో ఏరేటర్లు ఉప్పునీళ్ళు చిమ్ముతున్నాయి. చాలా రోజుల తర్వాత ఆ హోరు మళ్ళీ నాకు వినిపించింది. కుళాయి కట్టేసి అక్కడే గట్టు మీద కూర్చున్నాను.

లోపలినుంచి ఆయన పిలిచారు. "ఏమే, ఇంకొంచెం కూర ఉందా?"

గిన్నెలో సగం ఉంది.

"లేదండీ, అయిపోయింది" అన్నాను.