తోడుకున్న వేరుశెనగ పాలు

మా గేదె వట్టిపోయినప్పటి నుంచీ, రేడియోలో చెప్పినట్టు వేరుశెనగ గుళ్లు నానబెట్టి రుబ్బి, గుడ్డలో పిండి పాలు తీస్తున్నాను. నిన్న పక్కింటి సుబ్బమ్మ పిన్ని, నాలుగు పాడిగేదెలున్న మనిషి, "తోడుకోనివి పాలెట్టా అవుతాయే అమ్మాయ్?" అంది. ఆవిడ ముందే ఆ పాలు కాచి, ఆవిడింటి మజ్జిగతోనే తోడేశాను.

ఈ ఉదయం వచ్చి మూత తీసింది. గిన్నె వంచి చూస్తే పెరుగు జారలేదు.

"వేరుశెనగ వాసనొస్తంది" అంది.

"గేదె పెరుగు గేదె వాసన రాదా పిన్నీ?" అన్నాను. గిన్నె మీద మూత పెట్టేసి వెళ్లిపోయింది.

సాయంత్రం చిన్న గిన్నెతో మళ్లీ వచ్చింది. "మీ బాబాయి రుచి చూస్తానంటున్నాడు, కాస్త పెట్టు."

బాబాయి నిన్న మిరపకాయల లారీ ఎక్కి గుంటూరు యార్డుకి వెళ్లాడు, ఇంకా తిరిగి రాలేదు. నేనేమీ అనకుండా గిన్నె నిండా పెట్టాను. మీరైతే అనకుండా ఉండగలిగేవారా?